నడవని కాళ్ళకు చెప్పులు

నా చిన్నప్పుడు క్రిస్మస్ మా ఇంట్లోకి తోలు వాసనతో పాటే వచ్చేది. మాది సుల్తానాబాద్ పక్కన ఒక పల్లె, చెప్పులు కుట్టే ఇల్లు. ఏడాదంతా ఊరి రైతుల కాళ్ళకు కుట్టే మా తాత, పండుగ నెల రాగానే మా పేట పిల్లలందరినీ పిలిచి, తాటాకు ముక్క మీద నిలబెట్టి పాదాల కొలతలు తీసేవాడు. ఊరందరికీ చెప్పులు కుట్టే పేటలో చెప్పులున్న కాళ్ళు కనబడేది ఆ ఒక్క పండుగకే. పొద్దున గుడికి పోయేటప్పుడు కొత్త చెప్పులు కిర్రుమనాలని పిల్లలు కావాలని గట్టిగా అడుగులు వేసేవాళ్ళు. గుడి అంటే మా ఏసయ్య గుడి, మట్టిగోడల మీద గూనపెంకుల కప్పు.

నేను మాత్రం ఆ చప్పుడు మంచం మీద కూర్చుని వినేదాన్ని. అయిదేళ్ళు నిండకముందే ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ నా ఎడమ కాలి బలం పట్టుకుపోయింది. కుడిది కూడా అంతంత మాత్రమే. నైజాం రాజ్యం పోయి, ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త రోజులవి. మా బాపు బొగ్గుబాయి పనికి మంచిర్యాల దిక్కు పోయి ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు. ఇంట్లో ఉండేది తాత, మా అవ్వ, నేను. మా వైపు తల్లిని అవ్వ అంటాం.

నేను జ్వరంలో ఉన్నప్పుడు పేటంతా మా ఇంటి ముందు మోకరించి ప్రార్థన చేసిందట. జ్వరమైతే తగ్గింది, కాళ్ళు మాత్రం లేవలేదు. కొన్నాళ్ళకు అవ్వ గుడి మొహం చూడటమే మానేసింది. "నీ దేవుడు సగం ప్రార్థనే విన్నడు మామా, తక్కిన సగం వినంగ నిద్రపోయిండు" అనేది తాతతో. ఆ మాటలో కోపం కన్నా అలసట ఎక్కువ. నన్ను చంకన వేసుకుని గుడికి పోతే, ఆడవాళ్ళు నా కాళ్ళ వంక చూసి అయ్యో పాపం అనడం ఆమె భరించలేకపోయింది. నాకు ఆ వయసులోనే ఒకటి అర్థమైంది. నేను లేచి నడవకపోతే మా అవ్వ ఇక ఎప్పటికీ ప్రార్థన చెయ్యదు. పిల్ల నెత్తిన పెట్టే బరువు కాదది. ఎవరూ పెట్టలేదు కూడా, నేనే ఎత్తుకున్నాను.

మా తాత అవ్వకు ఎదురు చెప్పేవాడు కాదు. ఒక ఏడు పండుగ నెలలో తాటాకు ముక్క నా మంచం దగ్గరికే తెచ్చి, నా రెండు పాదాలూ కొలిచాడు. అవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"నడవని పిల్లకు చెప్పులేంది మామా? నలుగురు నవ్వెటందుకా?"

తాత పక్కన కుండలో తోలు ముక్కలు నానుతున్నాయి. ఒకటి తీసి ఆమెకు చూపించాడు. "ఎండిన తోలు మీద ఆరె దిగదు బిడ్డా, ఎంత పొడిచినా చెయ్యే నొస్తది. జర నానాలె. నమ్మకం గూడ గంతే. ఆశల నానితెనే కుట్టు పట్టుతది. నువ్వు నానబెట్టుడు బంద్ జేసినవ్, గందుకే గట్టిగైంది" అన్నాడు. ఆరె అంటే తోలుకు కన్నాలు పొడిచే సూది. అవ్వ వెనక్కి తిరిగి పొయ్యి దగ్గరికి పోయింది. ఆ పూట గిన్నెల చప్పుడు మాత్రం కొంచెం గట్టిగా వినబడింది.

పండుగకు ఆ చెప్పులు తొడుక్కుని మంచం మీదే కూర్చున్నాను. పండుగ పోయాక తాత నన్ను ఎడ్లబండిలో సుల్తానాబాద్ దాకా, అక్కడి నుంచి బస్సులో కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ ఒక నర్సమ్మ నా కాళ్ళు వంచి, సాచి చూసింది. ఈ కాళ్ళలో ప్రాణం ఉంది, రోజూ వాటికి పని పెట్టండి, ఊరికే కూర్చోబెడితే ఉన్నది కూడా పోతుంది అని చెప్పింది. ఇంటికొచ్చి అవ్వ నా కాలు పట్టుకుని వంచబోతే, నేను పేట లేచిపోయేలా ఏడ్చేదాన్ని. నాలుగు రోజులకే అవ్వ చేతులెత్తేసింది.

అప్పుడు తాత పెద్ద కష్టమేదో వచ్చిపడ్డట్టు మొహం పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. ఆయన కుట్టే చెప్పులు కరుస్తున్నాయని రైతులందరూ తిడుతున్నారట. కొత్త చెప్పు కరవడం అందరికీ తెలిసిందే. కరవకుండా దానికి ముందే బుద్ధి చెప్పాలట, అందుకు లేత కాళ్ళే కావాలట, పెద్దవాళ్ళ కాళ్ళకు అది లొంగదట. "నాకు నువ్వు దప్ప దిక్కు లేదు బిడ్డా" అన్నాడు. అంతవరకూ నన్ను చూసి జాలిపడ్డవాళ్ళే గాని, నాతో పని పడ్డవాళ్ళు లేరు. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. గంతు నోటితోనే అనుకోండి.

ఇక మా పందిరి కింద నా కొలువు మొదలైంది. ఊరి పెద్ద పటేల్ చెప్పు ఒక్కదానిలో నా రెండు పాదాలూ పట్టేవి. మడమ ఆనించి, వేళ్ళతో దాన్ని వంచాలి, వదలాలి, మళ్ళీ వంచాలి. నొప్పికి ఏడుపు వచ్చేది, కాని ఆ ఏడుపు కాస్తా చెప్పు మీద కోపమయ్యేది. "కరుస్తవా? ఇంక కరుస్తవా?" అని తిట్టుకుంటూ తొక్కేదాన్ని. కొన్నాళ్ళకు తాత, కూర్చుని తొక్కితే మడమ దగ్గర మెత్తబడటం లేదు, నిలబడి తొక్కాలన్నాడు. పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాను. వానాకాలం పోయేసరికి గుంజ నుంచి గోడ దాకా, గోడ నుంచి తాత తోలు కొట్టే బండ దాకా నన్ను నేను ఈడ్చుకుంటూ పోతున్నాను. పడేదాన్ని. పడ్డప్పుడల్లా తాత నా వైపు చూడకుండా చెప్పును పైకెత్తి చూసి, "జర నయమైంది" అనేవాడు. అవ్వ దూరం నుంచి చూస్తుండేది. ఆశ పడటానికి భయపడే మనిషి మొహం ఎట్లా ఉంటుందో నాకు అప్పటి నుంచి తెలుసు.

మళ్ళీ పండుగ వచ్చింది. ఆ పొద్దున తాత నాకు కొత్త చెప్పులు తొడిగాడు. "ఇయ్యాల పిల్లను ఎత్తుకోకు" అని అవ్వతో అని, తాను ముందు గుడికి పోయాడు. నాకేమీ చెప్పలేదు. గుడిలో పాట మొదలైంది. నేను గుంజ వదిలి వాకిలి దాటాను.

అవ్వ గుడికి రానని ఖరాఖండిగా చెప్పింది. పొయ్యి మీద కూర ఉంది, ఆమె చీర కూడా మార్చుకోలేదు. కాని నేను సందులోకి దిగేసరికి, ఎక్కడ పడిపోతానో అని రెండు చేతులూ చాచుకుని నా వెనకాలే నడిచింది. నేను ఆగితే ఆగింది, కదిలితే కదిలింది. ఎడమ కాలు ఈడ్చుకుంటూ, ఇంటింటి గోడా పట్టుకుంటూ, కిర్రు కిర్రుమంటూ పోయాను. గుమ్మం ముందు చెప్పులు విడిచి, గడప దాటాను. నా వెనకాల అవ్వ కూడా దాటింది, దాటినట్టు ఆమెకే తెలియదు. నా మీది నుంచి కళ్ళు తిప్పి చూసుకుంటే, తాను గుడి నడిమధ్యలో చేతిలో కూర గంటెతో నిలబడి ఉంది.

పాట ఆగిపోయింది. మా పాస్టరు అయ్యగారు తెరిచిన బైబిలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. ఎవరో డప్పు అందుకున్నారు. ఆరాధన మధ్యలో డప్పు కొట్టకూడదన్న సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. పిల్లలు గంతులేశారు, ముసలివాళ్ళు చేతులెత్తి స్తోత్రం అన్నారు. అవ్వ అక్కడే కూలబడి నేలకు నుదురు ఆనించింది. "సగమే విన్నవనుకున్న తండ్రీ, సగమే విన్నవనుకున్న" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నది. నా నెత్తి మీది బరువు దిగిపోయింది. అంత సంతోషం చిన్న పిల్ల ఒంట్లో పట్టదు. ఏడ్చాను, పాడాను, రెండూ కలిపే.

బయటికి వచ్చాక నా చెప్పులు దొరకలేదు. పేట పిల్లల చెప్పులన్నీ ఒక్క చేతి కుట్టే, ఒక్క తీరువే. మిగతా పిల్లలు తమవి ఓ పక్కకు జరిపి విడుస్తారు. గుమ్మం ముందు చెప్పులు విడవడమే ఎరగని నాకు ఆ తెలివి ఎక్కడిది? అవ్వ కుప్పంతా వెతికింది, ఒక్కో పిల్లను ఆపి కాళ్ళు చూసింది. "నా బిడ్డ చెప్పులు ఎవలు తొడుక్కపోయిండ్రే!" అని పేటంతా వినబడేలా అరిచింది. అరుస్తూనే నవ్వింది. నా బిడ్డ చెప్పులు అన్న మాట అవసరం కన్నా చాలా ఎక్కువసార్లే అన్నది. చివరికి ఎవరివో పెద్ద చెప్పులు తొడుక్కుని టపటపలాడించుకుంటూ ఇంటికి నడిచాను. కూర మాడి బొగ్గయింది. ఎవరూ పట్టించుకోలేదు.

అన్నం తినేటప్పుడు తాతను అడిగాను, ఇక నేను ఆటకు పోతే రైతుల చెప్పులకు ఎవరు బుద్ధి చెబుతారని. తాత పొలమారేలా నవ్వాడు. "ఆముదం రాసి పెడితే తెల్లారెటాళ్ళకు అవే మెత్తబడతయి గదనే పిచ్చిదాన" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడాది పాటు చేసిన కొలువు ఉత్తదేనా అని ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు నా మనవరాళ్ళు పెళ్ళీడుకు వచ్చారు. ఎడమ కాలు ఇప్పటికీ కుంటుతుంది, వయసు మీద పడ్డాక ఇంకొంచెం ఎక్కువే. కుంటు లేకుండా నడుస్తావని మా తాత నాకెన్నడూ మాట ఇవ్వలేదు. దేవుణ్ణి ఒకటి అడిగాక, అది వస్తుందన్నట్టే చేతులు కదపాలని మాత్రం చూపించాడు. ఎన్నో ప్రార్థనలు నేను అనుకున్నట్టు జరగలేదు, అయినా నా నమ్మకం ఎన్నడూ ఎండిపోలేదు. ఆ పండుగ రోజే నాకు ఆ నమ్మకం అబ్బింది. ఇప్పుడు కష్టంలో ఉన్నవాళ్ళు ఎవరైనా వచ్చి, అమ్మా, మా కోసం ప్రార్థన చెయ్యమంటే చేస్తాను. కాని ఆమేన్ అన్నాక వాళ్ళను లేవనివ్వను. "సరే, అడిగినం గద. అది వచ్చేటాళ్ళకు ఇంట్ల ఏం తయారు జేసి పెడుతున్నవ్?" అని అడుగుతాను. కొందరు తెల్లమొహం వేస్తారు, కొందరికి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. వాళ్ళు దానికి జవాబు చెప్పేదాకా నా ప్రార్థన ముగిసినట్టు కాదు.