మావారు రెండుసార్లు ఇంటికొచ్చిన రోజు

దయ్యాల మాటెత్తితే మా పుట్టింట్లో ఊరుకునేవారు కాదు. మాది నరసాపురం దగ్గర పల్లె. మా నాన్న పాస్టరు, నేను చేసుకున్నదీ పాస్టరునే. దేవుణ్ణి నమ్ముకున్నవాళ్లు అలాంటి కబుర్లు వినకూడదని నాన్న అనేవారు. ఎవరైనా చెప్పబోతే నేను నవ్వేసి లేచి వెళ్లిపోయేదాన్ని. ఇది చదివి మీరూ నవ్వుకుంటే నాకేం బాధ లేదు.

మావారు బ్రిస్బేన్‌లో వేదాంతం చదువుకున్నారు. చదువయ్యాక టోరెస్ జలసంధిలో ఒక చిన్న దీవికి సంఘకాపరిగా పంపించారు. ఆస్ట్రేలియా పటంలో ఉత్తరపు కొస మీద వేలు పెట్టి, ఇంకా పైకి సముద్రంలోకి జరిపితే కనిపించే చుక్కల్లో అదొకటి. దాని పేరు రాయను. అక్కడివాళ్లు మమ్మల్ని కడుపులో పెట్టుకుని చూసుకున్నారు. ఈ కథ వల్ల వాళ్ల ఊరిని నలుగురూ వేరుగా చూడటం నాకిష్టం లేదు.

దీవిలో ఒక చర్చి, ఒక బడి, ఒక దుకాణం. సరుకులు వారానికోసారి పడవలో వచ్చేవి. పడవ ఆలస్యమైతే ఉల్లిపాయలు లేకుండానే కూర. బ్రిస్బేన్‌లో సన్నీబ్యాంక్ దుకాణాల్లో కొనుక్కుని వెళ్లిన కందిపప్పూ చింతపండూ డబ్బాల్లో దాచి పొదుపుగా వాడేదాన్ని. పొద్దున్నే చర్చిలో ప్రార్థన. ఆ తర్వాత ఆయన ఇళ్లు తిరిగి జబ్బుపడినవాళ్లను చూసేవారు. నేను ఆదివారం పిల్లలకు పాటలు నేర్పేదాన్ని. మా అమ్మాయి షారోన్‌కి అప్పుడు ఆరేళ్లు. నేను తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో జవాబు చెప్పేది.

నాకు పడనిది అక్కడి గాలి ఒక్కటే. వానలు లేని నెలలన్నీ అది ఆగకుండా వీచేది. మాది స్తంభాల మీద ఎత్తుగా కట్టిన చెక్క ఇల్లు. తలుపో, రేకో, కిటికీ అద్దాలో ఏదో ఒకటి కొట్టుకుంటూనే ఉండేది. పనిలో ఉన్నా, ప్రార్థనలో ఉన్నా మనసు ఒకచోట నిలిచేది కాదు. కొన్నాళ్లకు చప్పుళ్లను పట్టించుకోవడం మానేశాను. నేను చెప్పబోయేది చప్పుడు సంగతి కాదు.

పక్కింట్లో ఆంటీ మెర్సీ, అంకుల్ జో ఉండేవారు. దీవి మనుషులే. పెద్దవాళ్లను వాళ్లూ మనలాగే ఆంటీ, అంకుల్ అంటారు. ఒకరోజు పక్క దీవిలో మంచాన పడ్డ పెద్దాయనకు ప్రభువు సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడానికి మావారు బయల్దేరారు. అంకుల్ జో తన మోటారు పడవలో తీసుకెళ్లాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తామన్నారు.

భోజనాల వేళ దాటింది. నేను వంటింట్లో చేపలు తోముతున్నాను. మెట్ల మీద అడుగులు వినిపించి తల తిప్పాను. మావారు లోపలికొచ్చారు. బట్టలు తడిసి ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి. ఆ చిన్న పడవలో వస్తే అలా తడవడం మామూలే.

"ఏవండీ, అన్నం పెట్టెయ్యనా?" అన్నాను.

నావైపు తిరగకుండానే వద్దన్నట్టు చెయ్యి ఊపి పడకగదిలోకి వెళ్లిపోయారు. తలనొప్పి వస్తే ఆయన అలాగే చేస్తారు. ముఖం పక్కనుంచి చూశాను. ఆయనే. ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని, పోల్చుకోలేనా? గదిలో ఫ్యాను తిరగడం వినిపించింది. తడిబట్టలతోనే పడుకున్నారు కాబోలని విసుక్కున్నాను కూడా.

కాసేపటికి షారోన్ బడి నుంచి వచ్చి నేరుగా ఆ గదిలోకి పరిగెత్తింది. కొంచెంసేపటికి మునివేళ్ల మీద నడుచుకుంటూ బయటికొచ్చింది.

"డాడ్స్ స్లీపింగ్. హీజ్ ఆల్ వెట్, మమ్మీ," అంది.

"లేపకే, తలనొప్పిగా ఉన్నట్టుంది," అన్నాను.

అంతలో ఆంటీ మెర్సీ ఫోన్ చేసి, పాస్టరు వచ్చాడా అని అడిగింది. వచ్చారు, పడుకున్నారు అని చెప్పాను. "అయితే మా ఆయన జెట్టీ దగ్గర గాలం వేసుకుని కూర్చుని ఉంటాడు," అని నవ్వి పెట్టేసింది.

ఎండ తగ్గుతుండగా ఆమే ఆయాసపడుతూ మా మెట్లెక్కి వచ్చింది. జెట్టీ దగ్గర పడవ లేదట. ఎవరూ చూడలేదట.

"పాస్టర్ని లేపు. జో ఎక్కడున్నాడో అడుగు," అంది.

ఇద్దరం గదిలోకి వెళ్లాం. ఫ్యాను తిరుగుతోంది. మంచం మీద ఎవరూ లేరు. ఆ గదికి వేరే తలుపు లేదు. దుప్పటి మనిషి పొడుగున తడిసి ఉంది. ఆంటీ దాన్ని తాకి వేళ్లు వాసన చూసింది. ఉప్పునీళ్లు. గుమ్మం నుంచి మంచం దాకా నేల మీద మాత్రం ఒక్క చుక్క లేదు.

ఆమె నా ముఖం చూడకుండా పరిగెత్తింది. ఊళ్లో ఉన్న పడవలన్నీ వెతకడానికి బయల్దేరాయి. నేను షారోన్‌ని ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను.  చనిపోయినవాళ్లు అలా ఒకసారి కనిపించి వెళ్తారని ఎవరో అంటే నవ్విన నేను, ఆ మెట్ల మీద ఆ మాట నమ్మేశాను.

వెలుతురుండగానే దొరికారు. మోటారు రాళ్లకు తగిలి పాడైంది. రేడియో తడిసి పనిచెయ్యలేదు. కొట్టుకుపోయి ఒక ఇసుకమేట మీద చిక్కుకున్నారు. పోటు మొదలై, పడవలు వెళ్లేసరికి ఇద్దరూ మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నారట. ఇంకొంచెం ఆలస్యమైతే ఆ మేట మునిగిపోయేది.

ఆయన ఇంటికి రాగానే చెయ్యి పట్టుకుని చూశాను, వెచ్చగా ఉందా లేదా అని. మధ్యాహ్నం ఎప్పుడైనా కళ్లు మూతపడ్డాయా, ఇల్లు కలలోకి వచ్చిందా అని అడిగాను.

"నిద్రెక్కడిదే? పడవలో నీళ్లు తోడిపోసుకోవడానికే సరిపోయింది," అన్నారు. అంకుల్ జో కూడా అదే చెప్పాడు.

జరిగింది చెబితే, "దేవుడు తన దూతని పంపి ఉంటాడు," అన్నారు.

నాకూ అలా అనుకోవాలనే ఉంది. "దూతయితే మనల్ని ఎందుకు నమ్మించి కూర్చోబెడతాడండీ? ఎవరూ రాకపోయుంటే ఆంటీ అప్పుడే గొడవ చేసేది, మీకోసం అప్పుడే వెతికేవాళ్లు," అన్నాను.

ఆయన ఇక ఆ ప్రస్తావన తేవద్దన్నారు. ఆంటీ మెర్సీ కూడా ఎవరితోనూ అన్నట్టు లేదు. కానీ ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసి పాస్టరున్నాడా అని అడిగినా, "ఇప్పుడు నీ కళ్లెదుటే ఉన్నాడా?" అనేది. నేను వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేసి, అప్పుడు చెప్పేదాన్ని.

ఇప్పుడు మేం పెర్త్‌లో, హారిస్‌డేల్‌లో ఉంటున్నాం. షారోన్ హైస్కూలుకు వచ్చింది. దానికి ఆ రోజు గుర్తుండదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. మొన్నొక సాయంత్రం బట్టలు మడతపెడుతూ అదే ఆ మాటెత్తింది. ఆ రోజు గదిలోకెళ్లి నాన్న పక్కన మంచమెక్కబోయిందట.

"హీ మూవ్డ్ ఓవర్, మమ్మీ. నాకు చోటిచ్చారు," అంది.

"పడుకున్నావా?" అన్నాను. 

"నో. దుప్పటి మరీ చల్లగా ఉంది. అందుకే దిగిపోయాను." చేతిలో చొక్కా పక్కన పెట్టి, "హూ వజ్ ఇట్?" అని అడిగింది.

ఏం చెప్పను? ఆ వచ్చిందెవరో, మా దగ్గర ఏం కావాలనుకుని వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలియదనే దానికీ చెప్పాను. అది తలూపి, మిగిలిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.