మూత లేని ముల్లు

నా చిన్నప్పుడు, పదేళ్ల వయసుకే, గుంటూరులో ఒక ముదురు షావుకారు చేత అర్ధ రూపాయి తగ్గింపజేసిన ఘనురాలిని నేను. కొన్నది రికార్డు ప్లేయరుకు వేసే కార్ట్రిడ్జి. చింతపిక్కంత ఉండే ఆ డబ్బా కిందే, రికార్డు గీతల్లో నడిచి పాట పలికించే ముల్లు ఉంటుంది. ముల్లుకు దెబ్బ తగలకుండా దానికో ప్లాస్టిక్ మూత. ఆ మూత మీరే ఉంచుకుంటే ఎంత తగ్గిస్తారని అడిగాను. మాది నరసరావుపేటలో గాజుల కొట్టు. అట్టపెట్టె వద్దన్నవాళ్లకు మా నాన్న ధర తగ్గించడం చూస్తూ పెరిగినదాన్ని. మూత కూడా అలాంటిదే అనుకున్నాను. షాపాయన నా వంక జాలిగా చూసి అర్ధ రూపాయి తగ్గించాడు. ఓడిపోయిన బాధతో అలా చూశాడనుకుని, ఆ మిగులుతో చెరుకురసం తాగాను. మా నాన్న పక్క వీధిలో గాజుల సరుకు బేరంలో ఉన్నాడు కాబట్టి ఇదంతా ఆయన కంటపడలేదు.

కార్ట్రిడ్జి తెప్పించుకున్నది మా పక్క కొట్టు అక్క. వాళ్లది మైకుసెట్టు. వారం కిందట వాళ్ల నాన్న మైకు కడుతూ నిచ్చెన మీంచి జారి, కింద ఉన్న ప్లేయరు మీదే పడ్డాడు. ఆయన కాలూ విరిగింది, కార్ట్రిడ్జీ పగిలింది. నేను గుంటూరు వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున మాచవరంలో పెళ్లి. అక్క ఒక్కతే ఒప్పుకున్న మొదటి పెళ్లి అది. ఆడపిల్ల మైకుసెట్టు నడిపేదేందని పెళ్లివారి పెద్దాయన అప్పటికే గొణుగుతున్నాడు. పాట పలక్కపోతే ఇక ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ వినుకొండ మైకుసెట్టు వాళ్లవే.

పొట్లం విప్పి, దూది మధ్య బోసిగా ఉన్న ముల్లును చూసి, “మూతేదే?” అంది అక్క.

“లేకుండానే ఇచ్చాడక్కా” అన్నాను. చెరుకురసం ఇంకా కడుపులోనే ఉంది.

అక్క నన్ను కాసేపు చూసింది. పొట్లం పట్టుకుని లోపలికెళ్లి, కొంతసేపటికి కార్ట్రిడ్జిని అరచేతిలో పెట్టుకుని వచ్చి పీట మీద కూర్చుంది. మూత ఉంటే స్క్రూలు బిగించి, వైర్లు తగిలించేదాకా తీసే పనే ఉండదట. ఇప్పుడు స్క్రూడ్రైవరు కాస్త జారినా ముల్లు పోయినట్టే, ఇంకోటి తేవడానికి టైము లేదు. ఈ మాటలు ఆమె మామూలుగానే చెప్పింది. అసలు మూత ఏ పనికొస్తుందో నాకు తెలిసింది అప్పుడే.

ఆ మధ్యాహ్నమంతా నేను ఊపిరి పీల్చిన గుర్తు లేదు. వెంట్రుకంత వైర్లను అక్క పట్టకారుతో ఒక్కొక్కటే తొడుగుతుంటే, పట్టకారు ముల్లు పక్క నుంచి వెళ్లినప్పుడల్లా నేను కళ్లు మూసుకునేదాన్ని. తరవాత మా కొట్టులోంచి చిన్న అద్దం తెమ్మంది. దాన్ని ప్లేయరు పళ్లెం మీద పెట్టి, కార్ట్రిడ్జి బిగించిన ప్లేయరు చెయ్యి మెల్లిగా దించి, ముల్లు కొనను అద్దానికి ఆనించింది. ముల్లూ, అద్దంలో దాని నీడా ఒకే నిలువు గీతలా కనపడాలి. వంకర కనపడితే కార్ట్రిడ్జి ఒరిగినట్టు. అలా ఒరిగిన ముల్లు రికార్డును తినేస్తుంది.

“అద్దం కదలకుండా పట్టుకో. ముందు ఆ గాజులు తియ్యవే” అంది.

తియ్యలేదు. మా నాన్న కొత్త సరుకు రాగానే నా చేతులకు మోచేతుల దాకా తొడిగి బజారంతా తిప్పేవాడు. నేను మా కొట్టుకు నడిచే షోకేసుని. అమ్ముడయ్యేదాకా తియ్యకూడదని ఆయన ఆర్డరు. ఏం కాదులే అక్కా అన్నాను.

రెండుసార్లు సరిచేశాక గీత నిలువుగా కుదిరింది. “కదలమాక, ముల్లు పైకెత్తనీ” అంటూనే ఉంది అక్క. ఇక ఈ భయం వదిలిందన్న ఆత్రంతో నేను ముందే చెయ్యి లాగేశాను. గాజు వెళ్లి కార్ట్రిడ్జి అంచుకు తగులుకుంది. ముల్లు అద్దం మీద కీచుమంటూ జారి, అంచు దగ్గర టక్కుమంది. చూస్తే పక్కకు విరిగి వేలాడుతోంది. మూడు గాజులు ముక్కలై పళ్లెంలో పడ్డాయి.

“ఏం పగిలిందే?” లోపల మంచం మీంచి వాళ్ల నాన్న కేక.

“గాజులు నాన్నా. పక్క కొట్టు పిల్లవి” అంది అక్క.

రేపు మాచవరంలో మూగ మైకు ముందు అక్క నిలబడి ఉండటం కళ్లకు కట్టింది. ఏడుపు రాలేదు, మాట వచ్చింది. మూత నేనే వద్దన్నాననీ, అర్ధ రూపాయికి చెరుకురసం తాగాననీ, గాజులు కావాలనే తియ్యలేదనీ ఒక్క గుక్కలో కక్కేశాను.

అక్క బొడ్లోంచి అగ్గిపెట్టె తీసి తెరిచింది. లోపల దూదిలో కొత్త ముల్లు, కాస్త కూడా చెదరకుండా.

“మూత లేకుండా ఎవడిస్తాడే? నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తన్నా. విరిగింది పగిలిన కార్ట్రిడ్జిలోని మా పాత ముల్లు, అరిగిపోయినది. లోపలికెళ్లినప్పుడే కొత్తది ఊడదీసి అది తొడిగా. చేతులు వణికే పని ముందు దాంతో చేసుకోవాలి. ఇట్టా గాజులేసుకున్న పిల్లను పక్కన పెట్టుకుని కొత్తది బయటికి తీస్తానా?”

నా గాజులన్నీ తనే తీసి, విరిగిన ముల్లు లాగేసి కొత్తది చిటికెలో తొడిగి, మళ్లీ నాచేతే అద్దం పట్టించింది. ఇంకెవరినైనా పిలవచ్చు, పిలవలేదు. ఈసారి తను చెప్పేదాకా నేను కదల్లేదు. గీత నిలువుగానే ఉందని అక్క ఒక్కసారి చూసుకుంది. మర్నాడు మాచవరంలో పాట పలికింది. గొణిగిన పెద్దాయనే మధ్యాహ్నం దాకా ఆపొద్దన్నాడట.

మొన్న మా మనవరాలు టర్న్‌టేబుల్ కొనుక్కొచ్చి కార్ట్రిడ్జి బిగించుకుంటుంటే పక్కన కూర్చున్నాను. స్క్రూలు బిగించేదాకా మూత తియ్యనివ్వలేదు. చేతి వాచీ కూడా విప్పించాను. విరిగితే ఇంకోటి ఆర్డర్ పెట్టొచ్చు అమ్మమ్మా అని నవ్వింది. నిజమే. అయినా ముల్లు రికార్డు మీద వాలేదాకా నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను.

ఇక ఆనాటి బిల్లు దాచకుండా చెప్తాను. పోయినవి ముల్లొకటి, అది వాళ్ల పాతది. గాజులు మూడు, అవి మా నాన్నవి. అబద్ధమొకటి, అది మాత్రం నా సొంతం. భయం ఖరీదు ఆ రోజుతో తీరలేదు, ఇప్పటికీ వాయిదాల్లో కడుతున్నాను.