పెద్దబాపు పట్టిన కరెంటు దొంగ

మా పెద్దబాపు సారంగపాణికి అనుమానం ఎక్కువ అంటే చిన్నమాటే. చాయ్ ఎవరిచ్చినా ముందు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. పెళ్లయిన నాటి నుంచి చాయ్ చేసి ఇస్తున్న మా పెద్దమ్మ పద్మలతకూ ఈ పరీక్ష తప్పలేదు. గ్యాస్ బండ వస్తే తెచ్చినతన్ని గుమ్మంలో నిలబెట్టి బండను ఊపి చూస్తాడు. ములుగు బస్సెక్కితే డ్రైవర్ ములుగుకే పోతున్నాడా అని దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడాయన. చుట్టుపక్కల చాలామంది మగ్గం దిగిపోయారు, ఆయన దిగలేదు. లోకంలో ఆయన అనుమానించనివి రెండే. ఒకటి తన మగ్గం, రెండు అబ్బాస్. గోడ అవతల వెల్డింగ్ షాపు అబ్బాస్‌ది. పొద్దుగూకితే ఇద్దరూ మూలమీది హోటల్లో ఒకే బల్ల దగ్గర చాయ్ తాగాల్సిందే. అక్కడా పెద్దబాపు వాసన చూసేవాడు, అబ్బాస్ నవ్వేవాడు.

పోయిన వానాకాలంలో మగ్గం మీది ట్యూబ్‌లైటు కొట్టుకోవడం మొదలైంది. ఏ పోగు ఎరుపో, ఏది నారింజో తెలియక గళ్లు తప్పాయి. కొత్త ట్యూబ్ వేసినా అంతే. దిగి కింద నిలబడి చూస్తే లైటు బుద్ధిగా వెలుగుతుంది, నేతకు కూర్చుంటే మళ్లీ మొదలు.

"సరిగ్గ నేను పనికి కూసున్నప్పుడే కొట్టుకుంటాంది. ఎవడో కావాల్నని చేస్తాండు" అన్నాడు పెద్దబాపు. అప్పుడే గోడ అవతల వెల్డింగ్ మిషన్ చర్రుమంది. ఇంకేముంది, దొంగ దొరికిపోయాడు.

పక్క షాపుకు వెళ్లి అడగొచ్చు కదా? అడగలేదు. ఆ సాయంత్రం హోటల్ నిండా జనం ఉండగా అనేశాడు. "దోస్తని నమ్మితే నా లైన్లకెల్లి వైరేసుకొని మిషన్ నడుపుతాండు. కరెంటు దొంగ!"

అబ్బాస్ గ్లాసు అలాగే బల్ల మీద పెట్టి లేచిపోయాడు. మిర్చీల పొట్లం కోసం నిలబడి ఆ మాట విన్న నాకు పెద్దబాపు మీద ఒళ్లు మండింది.

మర్నాడు అబ్బాస్ మిషన్ ముట్టుకోలేదు. లైటు మాత్రం కొట్టుకుంటూనే ఉంది. "ఇంకోటేదో దొంగ స్విచ్చు పెట్టిండు" అన్నాడు పెద్దబాపు. కరెంటు పనిచేసే కుమారస్వామిని పిలిచాం. ఇంటికొచ్చిన మనిషి ముందు మగ్గం కొడుతూ కూర్చోవడం మర్యాద కాదని పెద్దబాపు దిగి నిలబడ్డాడు. లైటు రెప్ప వెయ్యలేదు. "మంచిగనే ఉన్నది గద కాకా" అంటూ కుమారస్వామి వెళ్లిపోయాడు.

పెద్దబాపు చూపు పెద్దమ్మ మీదికి తిరిగింది. "కుమారస్వామి వస్తాండని అబ్బాస్‌కు నువ్వే చెప్పినవా?"

ఆ పూట ఆమె అన్నం గిన్నె ఆయన ముందు పెట్టేసి లోపలికి పోయింది.

పెద్దబాపు హోటల్‌కు పోవడం మానేశాడు. పొద్దుగూకగానే గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు, మళ్లీ లోపలికి పోయేవాడు. అబ్బాస్ లేని చాయ్ ఆయనకు గొంతు దిగడం లేదని మా అందరికీ తెలుసు. పోయి మాట్లాడమంటే మాత్రం "దొంగతోనా?" అనేవాడు.

చివరికి అబ్బాసే వచ్చాడు. షాపు షట్టర్ తాళంచెవులు తెచ్చి పెద్దబాపు చేతిలో పెట్టాడు. "అన్నా, షాపుల మెయిన్ బంద్ చేసిన. నీ ముంగటనే కూసుంట. జర మగ్గం నడుపు."

పెద్దబాపు మగ్గం మీద కూర్చుని, పోగు బిగిసేలా ఒక దెబ్బ కొట్టాడు. లైటు మిణుక్కుమంది. చురుగ్గా అబ్బాస్ వైపు చూశాడు. అబ్బాస్ చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. ఆగితే లైటు నిలకడగా వెలిగింది. ఈసారి నేత కోసం కాదు, చూడటానికే ఇంకో దెబ్బ కొట్టాడు. మిణుక్కుమంది. పెద్దబాపు తల మెల్లగా పైకి లేచింది. మగ్గాన్ని ఏ దూలానికి బిగించాడో లైటూ ఆ దూలానికే ఉంది. దెబ్బదెబ్బకూ దూలం అదురుతోంది.

 అబ్బాస్ ఇంటి మెయిన్ ఆపించి, పెద్దమ్మ ఫోన్ వెలుగులో స్టూలెక్కి లైటు విప్పాడు. ఇన్నేళ్ల అదురుకు ఒక వైరు స్క్రూలోంచి జారి ఊరికే ఆనుకుని ఉంది. దాన్ని బిగించాడు. ఆ తర్వాత ఎంత గట్టిగా కొట్టినా లైటు చలించలేదు. పెద్దబాపు మగ్గం దిగి వచ్చాడు.

"తప్పైంది అబ్బాస్" అన్నాడు, తాళంచెవులు చాపి.

అబ్బాస్ అవి తీసుకున్నాడు. "గీడ కాదన్నా. యాడ అన్నవో ఆడ చెప్పు."

ఇద్దరూ హోటల్‌కు బయల్దేరితే నేనూ వెనకే వెళ్లాను. హోటల్ కిటకిటలాడుతోంది. పెద్దబాపు బల్ల పక్కన నిలబడ్డాడు. అరిచినట్టే అన్నాడు. "అబ్బాస్ దొంగ కాదు. వైరు నా ఇంట్లనే ఊడింది. నేను ఉత్తగనే బద్నాం చేసిన."

అందరూ తిరిగి చూశారు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. జాలేసింది, కానీ ఇది జరగాల్సిందే అనిపించింది.

అబ్బాస్ జరిగి చోటిచ్చాడు. "రెండు చాయ్" అన్నాడు.

చాయ్ వచ్చింది. అలవాటు కొద్దీ పెద్దబాపు గ్లాసు ముక్కు దాకా పోయింది. అబ్బాస్ చూస్తున్నాడు, ఈసారి నవ్వడం లేదు. పెద్దబాపు వాసన చూడకుండా పొగలు కక్కే చాయ్ గటగటా తాగేశాడు. నాలుక కాలిందని తర్వాత పెద్దమ్మకు ఒక్కదానికే చెప్పాడట.