సున్నా చూపిన ప్లాటినం

బస్సు డిపోలో ఆమెను అందరూ ఊదమ్మ అనేవారు. డ్యూటీ ఎక్కే ప్రతి డ్రైవరూ ముందు ఆమె గది దగ్గర ఆగి, ఆమె చేతిలోని యంత్రం గొట్టంలోకి గట్టిగా ఊదాలి. "ఇంట్లో పెళ్లాం ముందు నోరు తెరవం, ఇక్కడ నీ ముందు నోరు ముయ్యం" అని వాళ్లు వేళాకోళమాడేవారు.

ఒకప్పుడు ఆమె రసాయనశాస్త్రం చదువుకుంది. కాలేజీ చివరి ఏడాది ప్లాటినం తీగను మెథనాల్ కలిపిన ఆమ్లంలో ముంచి, పుట్టే కరెంటును కొలిచే పని ఆమెకు అప్పగించారు. మొదట మీటరు ముల్లు చురుగ్గా లేచేది. కాసేపటికి సగం విరిగిన మెథనాల్ ముక్కలు లోహానికి అతుక్కుపోయి, వెనక వచ్చేవాటికి చోటివ్వకపోవడంతో మెల్లగా కిందికి జారేది. "ప్లాటినం అలిగిందమ్మా" అనేవారు లెక్చరర్. ఆ అలకను అర్థం చేసుకోవడానికే ఇంకా పైకి చదవాలనుకుంది. ఇంతలో అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయారు. చదువు అటకెక్కింది. అక్క ఇంటికి చేరింది. డిపోలో డ్రైవరైన బావే ఆమెను వెంటబెట్టుకెళ్లి ఈ ఉద్యోగంలో నిలబెట్టాడు.

తీరా చూస్తే ఈ యంత్రం లోపలున్నదీ ఆ లోహమే. బొత్తాం పాటి బిళ్ల, దానికి రెండువైపులా ప్లాటినం పూత. ఊపిరిలో మందు ఉంటే ఆ ఆల్కహాలు ప్లాటినం మీద ఆక్సీకరణం చెంది ఎలక్ట్రాన్లను వదులుతుంది. ఆ కాస్త కరెంటునే యంత్రం అంకెగా మార్చి చూపుతుంది. మందు లేకపోతే కరెంటు పుట్టదు, సున్నా వస్తుంది.

ఏళ్ల తరబడి అందరి ఊపిరీ తగిలి తగిలి ఆ బిళ్ల నీరసించిపోయింది. సరిచూడటానికి ఇచ్చిన ఆల్కహాలు ఆవిరి పట్టి చూస్తే, రావలసిన అంకెలో సగం కూడా రావడం లేదు. మరీ చిన్న అంకెనైతే యంత్రం సున్నాగానే చూపేస్తుంది. ఆమె సూపర్‌వైజరుకు చెప్పింది.

"కొత్తది పంపమని అడిగాం. వచ్చేదాకా దీంతోనే లాగించు. బస్సులు ఆపుకుని కూర్చుంటామా?" అన్నాడాయన. మళ్లీ చెబితే విసుక్కున్నాడు. మూడోసారి ఆమె గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది.

బావకు మందు అలవాటైంది ఈమధ్యే. దూరపు బస్సు తీసేసి ఊళ్లో తిరిగే బస్సు ఇచ్చినప్పటి నుంచీ అని అక్క అనేది. ఆయన మాత్రం నోరు విప్పేవాడు కాడు.

ఆ రోజు పొద్దున్నే బావ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏం మరదలా, ఇవాళ నా ఊపిరికి ఎన్ని మార్కులేస్తావ్?"

ఊదాడు. గది గదంతా మందు వాసన గుప్పుమంది. యంత్రంలో సున్నా పడింది.

"ఇవాళ సెలవు పెట్టు బావా. నీ కాళ్లు పట్టుకుంటాను."

"సున్నా వచ్చింది కదే! ఇంకేం కావాలి నీకు?"

ఆమె పరుగున వెళ్లి సూపర్‌వైజరును పిలుచుకొచ్చింది. జలుబుతో ముక్కు తుడుచుకుంటూ ఆయన యంత్రం వైపు చూశాడు. "సున్నా ఉంటే ఏమని ఆపను? వాసన వచ్చిందని ఆపితే రేపు యూనియన్ వాళ్లు నా పీక మీద కూర్చుంటారు."

బస్సు గేటు దాటింది. ఆమె అక్కకు ఫోన్ చేసింది. "రాత్రి తాగిందే, ఈపాటికి దిగిపోయుంటుందిలే. నువ్వు గోల చేయకు. ఆయన ఉద్యోగం పోతే పిల్లల్ని పట్టుకుని నేనెక్కడికి పోను?" అంది అక్క.

మధ్యాహ్నం కాకముందే కబురొచ్చింది. మలుపులో బస్సు కాలిబాట ఎక్కింది. కొట్టు తలుపు తీస్తున్న దర్జీ కాలు చక్రం కింద నలిగింది. జనం కొడతారని పారిపోయిన బావ చీకటి పడ్డాక పోలీసుల ముందుకొచ్చాడు. అప్పటికి రక్తంలో పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. మిగిలిందల్లా పొద్దుటి సున్నా.

విచారణకు వచ్చిన అధికారి ఆమెను మర్యాదగానే అడిగాడు. ఆమె బిళ్ల సంగతి చెప్పింది, వాసన సంగతి చెప్పింది. సూపర్‌వైజరు నేల చూపులు చూస్తూ, "నాకెవరూ చెప్పలేదండీ" అన్నాడు.

"వాసనను నేనెలా కొలవనమ్మా? యంత్రం ఏం చూపించిందో అది చెప్పు."

"సున్నా."

"అంతే కదా" అన్నాడు అధికారి.

బావ ఉద్యోగం నిలబడింది. అక్క మాత్రం చెల్లెలికి అన్నం పెడుతూ కూడా ముఖం చూడటం మానేసింది. "నీకింత చేసిన మనిషి మీద చెప్పడానికి నోరెలా వచ్చిందే?" అని ఒక్కసారి మాత్రం అడిగింది.

వారం తర్వాత ఆమె ఆసుపత్రికి వెళ్లింది. దర్జీ మోకాలి కింద దుప్పటి చదునుగా పరుచుకుని ఉంది. పక్కనే ఆయన భార్య. డిపో నుంచి వచ్చానని చెబితే దర్జీయే ఆమెను ఊరడించబోయాడు.

"డ్రైవరు తాగలేదని యంత్రమే చెప్పిందటగా. మరి నేనే చూసుకోకుండా నిలబడ్డానేమో. నా తప్పే అయ్యుంటుంది."

"కాదండీ. మీ తప్పు కాదు. ఆయన తాగే ఉన్నాడు. నాకు వాసన వచ్చింది."

దర్జీ భార్య చివ్వున లేచింది. "ఆ మాట అక్కడ చెప్పొచ్చుగా?"

"చెప్పానమ్మా."

"చెప్తే?"

"వాసనను కొలవలేమన్నారు. సున్నానే రాసుకున్నారు" అంది ఆమె మంచం అంచు పట్టుకుని. దర్జీ భార్య ఆమె ముఖంలోకి చూస్తూనే ఉంది.