గూడ్సు బండి వెళ్ళేంతసేపు

ఈ సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు భిలాయి టౌన్‌షిప్పు సెక్టారు హాల్లో పిల్లల పాటల ఎంపిక జరుగుతుండగా, ఎవరూ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పిన కూలర్ స్విచ్చి వేసింది నేనే. నా డైరీకి కూడా చెప్పలేదు. ఆ తేదీ పేజీ తీస్తే “ఎండ ఎక్కువగా ఉంది. తలనొప్పి” అని మాత్రమే కనిపిస్తుంది. అప్పట్లో నా డైరీని మా తమ్ముడు నాకంటే శ్రద్ధగా చదివేవాడు కాబట్టి, అసలు విషయాలు వదిలేసి మిగతావన్నీ రాయడం అలవాటు చేసుకున్నాను. ఇవాళ పొద్దున వాడే వరండా మూల నుంచి మా ఇనప కూలర్ లాగి, దుమ్ము దులిపి, కొత్త గడ్డి పెట్టి, నీళ్ళు పోసి స్విచ్చి వేశాడు. ముందు తడిసిన గడ్డి వాసన వచ్చింది, తర్వాత రేకుల మోత మొదలైంది. “ఏటలా నిలబడిపోయావు? జరుగు, గాలి రానీ!” అని విసుక్కున్నాడు. నేను జరిగి, లోపలికి వచ్చి, ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. వాడిప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు, నా రాతలు చదివే తీరిక లేదు. ఇక రాసినా ఫరవాలేదు.

నాలుగైదేళ్ళ క్రితం మేము భిలాయి పక్కన చరోదా రైల్వే కాలనీలో ఉండేవాళ్ళం. మా నాన్నగారు యార్డు ఆఫీసులో గుమస్తా. గోడ అవతలి క్వార్టరులో గూడ్సు డ్రైవరు మావయ్య కుటుంబం ఉండేది. నిజానికి చుట్టరికం ఏమీ లేదు. ఆయనది శ్రీకాకుళం వైపు, మాది విజయనగరం వైపు. భిలాయి చేరాక ఆ మాత్రం దగ్గరతనాన్ని చుట్టరికం కిందే లెక్కవేసేవారు. ఖనిజం బళ్ళకీ బొగ్గు బళ్ళకీ పగలూ రాత్రీ తేడా లేదు కాబట్టి మావయ్య నిద్రకీ ఒక వేళంటూ ఉండేది కాదు. ఆయన డ్యూటీ దిగివచ్చి పడుకోగానే అత్తయ్య గేటుకి ఎర్రగుడ్డ ఒకటి కట్టేది. మా లైనులో డ్రైవర్ల ఇళ్ళన్నిటికీ అదే పద్ధతి. ఎర్రగుడ్డ కనిపిస్తే పాలవాడు గంట కొట్టడు, కూరల బండి అతను కేక వేయడు, పిల్లలు బ్యాటూ బంతీ పట్టుకుని రెండు లైన్ల అవతలికి పోతారు. మా అమ్మ కుక్కరు విజిలు వేయబోతోందనగా పొయ్యి ఆర్పేసేది, అందుకని మా ఇంట్లో పప్పు వారానికి నాలుగు రోజులు పలుకుగానే ఉండేది. నాన్నగారు కూడా ఏమీ అనేవారు కాదు. నిద్ర చాలని మనిషి చేతిలో అంత పొడవు బండి పెడితే ఏమవుతుందో కాలనీలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

మావయ్య నిద్రలో ఒక వింత ఉండేది. మా పెరటి గోడ దాటితే పట్టాలే. ఇంటి గిన్నెలన్నీ గలగలలాడేలా గూడ్సు బండి వెళ్ళినా ఆయన ఒత్తిగిల్లేవారు కాదు. వంటింట్లో గరిటె జారితే మాత్రం లేచి కూర్చునేవారు. “మీ మావయ్య చెవులు కూడా రైల్వేవాళ్ళే ఇచ్చేరే. బండి చప్పుడొక్కటీ ఆటికి లెక్క లేదు” అనేది అత్తయ్య. ఆయన కోపిష్టి కారు, ఎవరినీ ఏమీ అనేవారూ కాదు. లేచి కూర్చుని, ఎర్రబడ్డ కళ్ళతో ఒక నిమిషం గోడవైపు చూసేవారు, అంతే. ఆ చూపు చూసినవాళ్ళెవరూ మళ్ళీ గరిటె జారనిచ్చేవారు కాదు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. అక్కడే పుట్టిన పిల్ల కావడంతో తెలుగు కంటే హిందీ ఎక్కువగా వచ్చేది, నన్ను దీదీ అని పిలిచేది. తెలుగు చదవడం రాదు. క్యాసెట్టులో విన్న కీర్తనలని నేను హిందీ అక్షరాలతో కాగితం మీద రాసిస్తే వాటిని చూసి నేర్చుకునేది. నలుగురిలో నోరు పెగలని నాకు, ఎవరితోనూ మాట్లాడే అవసరం లేని ఆ పని చాలా నచ్చింది. ఇంట్లో ఆ పిల్ల పాడితే దోమ పాడినట్టుండేది. పక్కన కూర్చుని చెవి ఒగ్గితే తప్ప వినపడదు. శ్రుతి మాత్రం చక్కగా ఉందని అనుకునేదాన్ని. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

ఒక మధ్యాహ్నం పెరట్లో జామచెట్టు నీడన పుస్తకం చదువుకుంటున్నాను. గూడ్సు బండి వచ్చింది. ఆ మోతలో ఏదో ఇంకో ధ్వని కలిసినట్టు అనిపించి తల ఎత్తాను. గోడ అవతల, ఆరేసిన దుప్పట్ల మధ్య, ఆ పిల్ల పట్టాల వైపు తిరిగి కళ్ళు మూసుకుని పాడుతోంది. ఆ గొంతు బండి చప్పుడు మీద తేలుతోంది. అంత చిన్న మనిషిలోంచి అంత పెద్ద గొంతు వస్తుంటే నాకు మొదట భయం వేసింది. ఆఖరున గార్డు పెట్టె దాటింది. మాట సగంలో ఉండగానే ఆ పిల్ల నోరు మూసుకుని, ఏమీ ఎరగనట్టు దుప్పటి మడతపెట్టసాగింది. అప్పుడు నన్ను చూసింది.

“దీదీ, వినీసేవేటి?” అంది, గొంతు మళ్ళీ దోమలా మారిపోయి.

“విన్నాను.”

“కిసీకో బోల్నా మత్, ఎవరికీ చెప్పకు. నాన్న లేచిపోతారు.”

“బండి వెళ్తున్నప్పుడు లేవరు కదా?”

“అందుకే కదా తబ్ హీ గాతీ హూఁ, అప్పుడే పాడతాను,” అంది, ఇంత చిన్న విషయం నాకు అర్థం కానందుకు ఆశ్చర్యపడుతూ. బండి ఎంత పొడుగైతే ఆ పిల్ల పాట అంత పొడుగు. ఖనిజం మోసే పొడుగాటి బళ్ళంటే ఇష్టం, ఒంటరి ఇంజను వస్తే చిన్నబుచ్చుకునేది. ఆ రోజు నుంచి నేను కాపలాదారునయ్యాను. దుర్గ్ వైపు నుంచి హారను వినపడగానే గోడ మీద రెండుసార్లు తట్టేదాన్ని.

ఆ గొంతు నాకొక్కదానికే తెలుసన్న సంగతి మొదట్లో గర్వంగా ఉండేది, తర్వాత బరువైంది. బడి వార్షికోత్సవంలో ఆ పిల్ల పాడితే రెండో వరసలో కూర్చున్న నాకే వినపడలేదు. గొంతులో బలం లేదన్నారు. ఆ ఎండాకాలం భిలాయి స్టీలు ప్లాంటు టౌన్‌షిప్పులోని తెలుగు సంఘం వాళ్ళు, సంగీత విశ్వవిద్యాలయం ఉన్న ఖైరాగఢ్ నుంచి ఒక సంగీతం టీచరుగారిని పిలిపించారు. విజయనగరం నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన పెద్దావిడ. పాడే పిల్లల్లో ఒక్కరిని ఎంచుకుని, తన ఇంట్లో ఉంచుకుని చదువూ సంగీతమూ చెప్పిస్తానన్నారు. అత్తయ్య కూతురికి ముందే చెప్పేసింది: “ఇదే ఆఖరుసారి. ఇక్కడ అవ్వకపోతే సుపేలాలో టైపు క్లాసుకి పోవాల. పాటలూ గీటలూ బంద్.” ఆ పిల్ల తల ఊపింది. తర్వాత గోడ దగ్గరికి వచ్చి, “టైపు మిషను కూడా చప్పుడు చేస్తాది కదా దీదీ, అప్పుడు పాడుకోవచ్చు” అంది. నవ్వాలని అంది కానీ ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఎంపిక జరిగిన ఆదివారం సెక్టారు హాలు కొలిమిలా ఉంది. గోడకి ఒక పెద్ద ఇనప కూలర్ ఉన్నా, దాని ఫ్యాను రెక్కలు వంకరపోయి భయంకరమైన మోత చేసేది. పాటలు అయ్యేదాకా ఎవరూ వేయవద్దని సంఘం సెక్రటరీగారు రెండుసార్లు ప్రకటించారు. చేతిరాత బాగుంటుందని పిల్లల పేర్లు రాసే పని నాకిచ్చి, వెనక తలుపు పక్కన, స్విచ్చి బోర్డు కింద ఒక బల్ల వేశారు. ఎవరూ నావైపు చూడని చోటు దొరికిందని సంతోషించాను. ఆ పిల్ల వంతు వచ్చేసరికి, ఎవరూ అనుకోని విధంగా మావయ్య వచ్చారు. డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వచ్చినట్టున్నారు, చేతిలో ఇనప పెట్టె అలాగే ఉంది. నా పక్క కుర్చీలో కూర్చుని, పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని, “పాడీసిందేటమ్మా?” అన్నారు. “ఇప్పుడే మావయ్యా” అన్నాను. వేదిక మీదికి పిల్ల ఎక్కి నమస్కారం పెట్టేలోపు ఆయన గడ్డం గుండెల మీదికి వాలిపోయింది. ముందురోజు నుంచి నిద్ర లేని మనిషి.

అక్కడి నుంచి ఆ పిల్ల తండ్రిని చూసింది. ఆయన నిద్రపోతున్నారని చూసింది. పదిహేనేళ్ళ అలవాటు ఒక్క క్షణంలో గొంతు పట్టుకుంది. పల్లవి ఎత్తుకుంది కానీ పెదాలు కదలడమే తప్ప నా బల్ల దాకా ఏమీ రాలేదు. టీచరుగారు ముందుకి వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, చివరికి మెల్లగా అన్నారు: “శ్రుతి ఉందమ్మా. గొంతే లేదు. చరణం కూడా పాడు, విందాం.” ఆ మాటలో విందామన్న ఆశ లేదు. మర్యాద కోసం అన్నారు. లేచి నిలబడి ‘కాదండీ, ఈ పిల్ల గొంతు మీకు తెలీదు’ అనాలని నాకుంది. కానీ నలుగురిలో లేచి మాట్లాడే మనిషిని కాను. మావయ్యని లేపుదామంటే, మా కాలనీలో పెరిగిన ఎవరికీ ఆ పని చేతకాదు. నాకు చేతనైనది ఒక్కటే, బండి వస్తోందని చెప్పడం. చెయ్యి దానంతటదే పైకి వెళ్ళి స్విచ్చి నొక్కింది.

కూలర్ ముందు మూలిగింది, తర్వాత రేకులన్నీ కలిసి అందుకున్నాయి. హాలంతా అదిరింది. మావయ్య కదలలేదు. వేదిక మీద ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. చరణం ఎత్తుకుంది. అంత మోతలోనూ ఆ గొంతు హాలు చివరి గోడకి తగిలింది. విసనకర్రలు ఊపుకుంటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. సెక్రటరీగారికి మాత్రం కూలరొక్కటే వినిపించినట్టుంది. “అరే, కూలర్ ఎవడ్రా వేసింది? బంద్ కరో భాయ్, బంద్ కరో!” అంటూ పరుగున వచ్చి నా తల మీదుగా స్విచ్చి ఆర్పేశారు. నేను తల వంచుకుని పేర్ల కాగితం మీద గీతలు గీస్తున్నాను. రెక్కల వేగం తగ్గుతోంది. ఆఖరి పెట్టె దాటబోతున్న బండి చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. ఇప్పుడు ఆపేస్తుంది, మాట సగంలో ఆపేస్తుంది అనుకున్నాను. నిజంగానే ఆ గొంతు సన్నబడటం మొదలైంది.

అప్పుడు టీచరుగారు చేసిన పని నేను జీవితంలో మరచిపోలేను. ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు. బల్ల మీద అరచేత్తో తాళం వేస్తూ, గట్టిగా, తంబూరాలా, ఆధార షడ్జమం పట్టుకుని కూర్చున్నారు. దాక్కోవడానికి ఆ పిల్లకి ఇంకో చప్పుడు దొరికింది. గొంతు మళ్ళీ లేచింది. కొంతసేపటికి టీచరుగారు మెల్లగా తన గొంతు తగ్గించి, తాళం ఆపి, నోరు మూసుకున్నారు. కూలర్ ఎప్పుడో ఆగిపోయింది. సూది పడితే వినపడే నిశ్శబ్దంలో ఆ పిల్ల ఒక్కతే, నిండు గొంతుతో, తనకే తెలియకుండా పాడుతోంది.

చప్పుడు పోయిందని కాబోలు, నా పక్కన మావయ్య ఉలిక్కిపడి లేచారు. ఎర్రటి కళ్ళతో చుట్టూ చూశారు. “ఎవరి పిల్లమ్మా అది?” అన్నారు నా చెవిలో.

“మన పిల్లే మావయ్యా.”

ఆయన లేచి నిలబడ్డారు. పాట అయ్యేదాకా కూర్చోలేదు. పక్కవాళ్ళు చూస్తున్నారన్న ధ్యాస కూడా ఆయనకి లేదు.

పాట అయ్యాక టీచరుగారు ఆ పిల్లని దగ్గరికి పిలిచారు. “ఇంత గొంతు ఎక్కడ దాచేవే?” అని అడిగితే, “మా నాన్న పడుకుంటారండి” అంది. హాలంతా నవ్వింది. టీచరుగారు నవ్వలేదు. “జూన్‌లో ట్రంకు పెట్టె సర్దుకుని వచ్చెయ్” అన్నారు. సెక్రటరీగారు కూలర్ సంగతి అంత తేలిగ్గా వదల్లేదు. ప్లాంటులో ఎలక్ట్రీషియనుగా చేసే సభ్యుడొకాయన స్విచ్చి బోర్డు విప్పి, అరగంట పరిశీలించి, లోపల వైరు వదులైందని, దానంతటదే ఆన్ అయిందని తేల్చారు. అందరూ ఒప్పుకున్నారు. ఆయన ఎంత నమ్మకంగా చెప్పారంటే, నాకే ఒక్క క్షణం అలాగే జరిగిందేమో అనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఈసారి మేమంతా ఆమె కోసం గుసగుసగా మాట్లాడుకున్నాం, మావయ్యతో సహా.

సెలవులకి వచ్చినప్పుడు ఆ పిల్ల ఇంట్లోనే సాధన చేసేది. మొదటిసారి అత్తయ్య అలవాటుగా గేటుకి ఎర్రగుడ్డ కట్టబోతే మావయ్య వచ్చి దాన్ని తీసుకుని జేబులో పెట్టుకున్నారట. ఆయన ఆ పాటల మధ్యే హాయిగా నిద్రపోయేవారని మా అమ్మ చెప్పేది. మా ఇంట్లో పప్పు కూడా మెత్తగా ఉడకసాగింది. ఏడాదికి ఆయనకి బదిలీ అయింది. సామాన్లు లారీకి ఎక్కించిన రోజు పొద్దున్న నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఎవరి తప్పూ లేకుండానే, ప్రేమ వల్లే, ఒక్కోసారి కొన్నేళ్ళు మనకి దక్కకుండా చేజారిపోతాయని ఆ పొద్దున్నే నాకు తెలిసింది. మావయ్య లారీ ఎక్కబోతూ ఆగి, పెరటి గోడ వైపు, దాని వెనక పట్టాల వైపు చూసి, ఆ తర్వాత నావైపు తిరిగి అన్నారు:

“ఇన్నేళ్ళూ నా ఇంట్లోనే పాడిందటమ్మా. ఒక్కనాడైనా, ఒక్కరైనా, నన్ను లేపకపోయారేటి?”