కడుగు నీళ్ళు పోసిన కూజా మొక్క

మొన్న ఇక్కడ ట్రాయ్ ఊళ్ళో మా మనవరాలు నర్సరీ నుంచి ప్లాస్టిక్ కప్పులో ఒక కూజా మొక్కను తెచ్చి, “అమ్మమ్మా, దీనికి ఏం ఫీడ్ చేయాలి?” అని అడిగితే, “ఏమీ పెట్టకు తల్లీ” అని కాస్త గట్టిగానే అన్నాను.

పెళ్ళయి ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు ఒక కాలేజీ గ్రీన్‌హౌస్‌లో మొక్కలకు నీళ్ళు పోసే పని దొరికింది. అక్కడ ఒక మూల, ఆకుల చివర కూజాలు వేలాడుతూ, వాటిలో పడిన పురుగులతో బతికే మొక్కలు మూడుండేవి. దూరాన ఏదో వేడి దేశపు కొండ మీద ఎవరో అమ్ముకోవడానికి పెకలించి తెస్తే విమానాశ్రయంలో పట్టుకుని ఈ కాలేజీకి ఇచ్చారట. ఆ కొండనూ గని కోసం తవ్వుతున్నారనీ, సగమే మిగిలిందనీ నా పై అధికారిణి చెప్పి బాధపడేది. వాన నీళ్ళు తప్ప మరేమీ పోయవద్దని మరీ మరీ చెప్పింది.

కుండీలో చూస్తే నాచూ బెరడూ తప్ప మట్టే లేదు. ఆకలిగొన్నవారికి పెట్టమని చిన్ననాటి నుంచి చర్చి సంఘంలో విన్నదాన్ని, మనసు ఊరుకోలేదు. బియ్యం కడిగిన నీళ్ళు మన ఇళ్ళలో ఎవరం పారబోశాం చెప్పండి, కరివేపాకుకో మల్లెపాదుకో పోసేవాళ్ళం కదా! ఆ కడుగునే సీసాలో పట్టుకెళ్ళి, ప్రార్థన చేసి మరీ పోసేదాన్ని. ఆకులు వెడల్పుగా వస్తుంటే దేవుడి ఆశీర్వాదమనుకుని మురిసిపోయాను గానీ, కొత్త కూజా ఒక్కటీ రాలేదని గమనించనే లేదు. చివరికి వేళ్ళు కుళ్ళి రెండు మొక్కలు చచ్చిపోయాయి. మా అధికారిణి హీటరును అనుమానించింది.

తప్పు నా కడుగుదేనని తెలిసొచ్చి ఇంట్లో చెబితే మావారు, “మొక్కకి కడుగు పోశావా! ఇంకా నయం, ఆవకాయ కలిపి పెట్టలేదు” అని నవ్వి, అంతలోనే, “నువ్వేం చెప్పకు. హీటర్ మీదికి పోయిందిగా, పోనీ. జాబ్ పోతే మళ్ళీ ఎవరిస్తారు?” అన్నారు.

నోరు మూసుకుంటే మూడోదీ చస్తుంది. చాలాసేపు మోకాళ్ళ మీద ఉండి, మర్నాడు సీసాతో సహా వెళ్ళి చెప్పేశాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని నాకూ ఒక జత గ్లవ్స్ ఇచ్చింది. ఇద్దరం ఆ మూడో మొక్క వేళ్ళను వాన నీళ్ళలో కడిగి కొత్త నాచులో నాటాం. ఎన్నో నెలలకు దానికి బొటనవేలంత కూజా తొడిగితే, నేను స్తోత్రం, స్తోత్రం అంటూ ఏడ్చేశాను.

ఆవిడ ఇప్పుడు లేదు. మిగిలిన ఆ సగం కొండా గనికే పోయిందని, పోయేముందు తనే చెప్పింది. ఒక్క మొక్క ప్రాణం కోసం అంతసేపు మోకరించినదాన్ని, ఆ కొండ ఇంకా సగం నిలిచి ఉన్న రోజుల్లో, దాని కోసం సంఘంలో ఒక్క ఆదివారం ప్రార్థన చేయించాలని నాకెందుకు తోచలేదో!