బాలనర్సమ్మ జుర్రిన కాఫీ

మనిషి నిప్పును కనిపెట్టిన సంగతి పుస్తకాల్లో ఉంది. చక్రాన్ని కనిపెట్టిన సంగతీ ఉంది. అత్వెల్లి బాలనర్సమ్మ కప్పులోని చాయ్‌ని బసిలోకి ఒంపి, గట్టిగా ఊది, నాలుగిళ్ళ అవతలికి వినబడేలా జుర్రడం ఎప్పుడు మొదలుపెట్టిందో మాత్రం ఏ శాసనంలోనూ లేదు. ఆ వాడ ఏళ్ళ తరబడి ఆ జుర్రు విని నిద్ర లేచింది. కోళ్ళు కూడా దాని తర్వాతే కూసేవని గిట్టనివాళ్ళు అంటారు. కోడలు రోజారాణి కాపురానికొచ్చిన తొలినాడు ఆ చప్పుడు విని, బోరు మోటరు గాలి పీలుస్తోందనుకొని స్విచ్చి కట్టేయడానికి ఉరికింది.

"అత్తమ్మా, మెల్లగ తాగరాదు? పక్కింటోళ్ళు నవ్వుతున్నరు."

"నవ్వనియ్యే. నా చాయ్ నేను తాగుతున్న. ఆళ్ళదేం గుంజుకుంటలేను గదా."

ఈ జుర్రుకు రాజాదరణ దొరకాలంటే ఒక కాఫీ కంపెనీ రావలసి వచ్చింది. హైవే నుంచి లోపలికి తిరిగిన మట్టిరోడ్డు మీద, ఒకప్పుడు బెండతోట ఉన్నచోట, నీలం రేకుల షెడ్డు లేచింది. తోట అమ్మినవాళ్ళు కారు కొనుక్కున్నారు. తోటలో కలుపు తీసిన బాలనర్సమ్మ అదే జాగాలో కాఫీగింజలు ఏరడానికి కుదిరింది. అరకు నుంచి వచ్చిన పచ్చిగింజలను చాటలో పోసుకొని పుచ్చువీ, పగిలినవీ, నల్లబడ్డవీ తీసి పారేయడం ఆ పని. బియ్యంలో రాళ్ళు ఏరడమే, కాకపోతే ఇక్కడి బియ్యానికి గొప్ప పేర్లుంటాయి.

కంపెనీ యజమాని భానుతేజ పట్నంలోని సుచిత్రలో పెరిగిన గోదావరి జిల్లా కుటుంబం పిల్లవాడు. కంప్యూటర్ ఉద్యోగం వదిలేసి కాఫీలోకి వచ్చాడు. కాఫీ అమ్మడం ఆయన దృష్టిలో చిన్నపని. సమాజాన్ని కలుపుకుపోవడం అసలు పని. అందుకోసమే ధరణి అనే అమ్మాయిని పెట్టుకున్నాడు. ఆమె హోదా కమ్యూనిటీ మేనేజర్. ఆమె వచ్చాక బడి గోడకు రంగులు పడ్డాయి, మొక్కలు నాటడం జరిగింది, చివరికి కంపెనీ అత్వెల్లిని దత్తత తీసుకుంది. ఊరిని ఎవరూ అడగలేదు. దత్తతలో బిడ్డను అడిగే ఆచారం లేదు కదా.

షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో 'మేము బంధాలను వేయిస్తాం' అని రాయించారు. ధరణి దాన్ని ఏరే ఆడవాళ్ళకు చదివి వినిపించింది.

"మాడకుంట ఏంచుమను బిడ్డా" అంది పద్మమ్మ. బాలనర్సమ్మ పక్కన కూర్చుని ఏరేది ఆమే.

బాలనర్సమ్మకు బంధాలతో పని లేదు. ఆమెకున్న భయం ఒకటే: ఇంట్లో కూర్చోబెడతారని. మోకాళ్ళు నొస్తున్నాయని ఒక్కమాట అంటే చాలు, "ఇగ కూసోరాదే అమ్మా" అని కొడుకు కుమార్ అందుకునేవాడు. ఆ మాటలో ప్రేమ ఉందని ఊరంతా ఒప్పుకుంటుంది, బాలనర్సమ్మ తప్ప.

"పనికి పోయేదానికి చాయ్ చేతికొస్తది పద్మా. ఇంట్ల కూసున్నదానికి అడిగితే వస్తది" అనేది.

అందుకే మోకాళ్ళ సంగతి ఇంట్లో చెప్పలేదు, ధరణికి చెప్పింది. "కింద కూసుంటే లేవొస్తలేదు బిడ్డా, ఏరేకాడ ఒక గద్దె లెక్క కట్టియ్యరాదు?" ధరణి ఫోనులో రాసుకుంది. కొన్నాళ్ళకు నిజంగానే షెడ్డు మూలలో సిమెంటు దిమ్మె పోశారు. అది పగలకుండా గట్టిపడేందుకు పొద్దునా సాయంత్రం నీళ్ళు కొట్టే పని బాలనర్సమ్మకే అప్పజెప్పారు.

"మనం కూసునేతందుకే" అంది బాలనర్సమ్మ, బకెట్ దింపి.

"గద్దె కట్టెతందుకు నువ్వేమన్న సమ్మక్కవా అక్కా?" అంది పద్మమ్మ.

"నువ్వు కూసోకు పో. నేనొక్కదాన్నే కూసుంట."

దిమ్మె ఆరకముందే 'ఊరితో ఒక కప్పు' పండుగ వచ్చింది. గుండ్లపోచంపల్లి అపార్ట్‌మెంట్ల నుంచి పిల్లాజెల్లాతో అతిథులొచ్చారు. బల్ల మీద గిన్నెలు బారుగా పెట్టి, కాఫీ రుచి ఎలా చూడాలో భానుతేజ వివరించాడు. చెంచాతో తీసుకుని, చప్పుడయ్యేలా నోట్లోకి పీల్చి, నాలుకంతా తగిలాక పక్కనున్న కప్పులో ఉమ్మేయాలి. ఎంత చప్పుడైతే అంత రుచి తెలుస్తుందట. అతిథులు ప్రయత్నించారు గానీ, పుట్టినప్పటినుంచీ చప్పుడు చెయ్యకూడదని పెంచిన నోళ్ళు, పెగల్లేదు.

ధరణి బాలనర్సమ్మను ముందుకు తీసుకొచ్చింది. బాలనర్సమ్మ జుర్రింది. రేకులు అదిరాయి. ఒక చంటిపిల్ల ఏడ్చింది. మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"మేం పరాయి దేశం వెళ్ళి కోర్సు చేసి నేర్చుకున్నాం. ఈ అమ్మకు ఇది రక్తంలో ఉంది" అన్నాడు భానుతేజ. "ఏం రుచి తెలుస్తోందమ్మా?"

"చేదుగున్నది సారూ."

"డార్క్ చాక్లెట్ అంటున్నారు" అంది ధరణి అతిథులతో.

"మరి ఇది?"

"గిది గూడ చేదే."

"కాల్చిన బెల్లం అంటున్నారు."

అంతా బాగానే జరిగేది, ఉమ్మే దగ్గర పేచీ రాకపోతే.

"మింగకండమ్మా, ఈ కప్పులో ఉమ్మేయండి" అంది ధరణి.

"గదేంది బిడ్డా? మీరు మర్యాదకు పెట్టినదాన్ని నలుగురి ముంగట ఉమ్ముతనా? పాపం గాదా?"

బాలనర్సమ్మ ఒక్క చుక్క ఉమ్మలేదు. బల్ల ఆ చివరి వరకూ ప్రతి గిన్నెకూ మర్యాద చేసింది. చివరి గిన్నె దగ్గర చేతులు వణికాయి, గుండె దడదడలాడింది, గోతాల మీదికి ఒరిగిపోయింది. మేడ్చల్‌లో డాక్టరు చూసి, కాఫీ ఎక్కువైంది, నీళ్ళు తాగి పడుకో అన్నాడు. మర్నాటికి మామూలు మనిషైంది.

కంపెనీ గుండె మాత్రం మామూలు కాలేదు. వారం తిరక్కుండానే సన్మానం పెట్టారు. శాలువా కప్పారు. అద్దం ఫలకం ఇచ్చారు. కొత్త కాఫీ ప్యాకెట్ ఆవిష్కరించారు. దాని మీద బాలనర్సమ్మ జుర్రుతున్న ఫొటో, కింద 'అవ్వ చేతితో ఏరిన గింజలు' అని. కుమారూ రోజారాణీ ముందు వరుసలో కూర్చున్నారు.

"ఈ వయసులో మిమ్మల్ని కష్టపెట్టడం మా విలువలకు విరుద్ధం. ఇక మీరు హాయిగా విశ్రాంతి తీసుకోవాలి" అన్నాడు భానుతేజ.

బాలనర్సమ్మ శాలువా సర్దుకుంది. "నాకు మంచిగనే ఉన్నది సారూ. సోమారం వస్త."

"వద్దమ్మా. మీరు మా కుటుంబం."

"కుటుంబమైతే రమ్మంటరు గాని, రావద్దంటరా సారూ?"

ధరణి చప్పట్లు మొదలుపెట్టింది. అందరూ అందుకున్నారు. కుమార్ అందరికంటే గట్టిగా కొట్టాడు.

అయినా సోమవారం బాలనర్సమ్మ పనికి పోయింది. దిమ్మె మీద మనిషెత్తు మిషన్ ఉంది. చాటలు లేవు. ఏరే ఆడవాళ్ళూ లేరు. పద్మమ్మ ఒక్కతే చీపురు పట్టుకుని మిషన్ చుట్టూ ఊడుస్తోంది.

"గిది దిగుతదని నిన్ననే ఎరుకైంది అక్కా. నన్ను ఊడ్వనీకి ఉంచిన్రు" అంది, తప్పు చేసినదానిలా. "అండ్ల కెమెరా ఉందంట. పుచ్చుగింజ కనవడితే ఉఫ్ఫని ఊది అవుతల వారేస్తది. నీ లెక్కనే ఊదుతది, జుర్రదు గంతే."

బాలనర్సమ్మ వంగి దిమ్మె అంచును చేత్తో తడిమింది.

"ఏడన్న పలిగిందా?"

"ఎట్ల పలుగుతది? ఇసుమంత గూడ పలగలే. నువ్వే గదా నీళ్ళు వోసింది."

ప్యాకెట్ బాగా పోతోంది. సుచిత్రలోని కంపెనీ కాఫీహోటల్లో గోడంతా బాలనర్సమ్మే, బుగ్గలు లోపలికి పోయి, కళ్ళు సగం మూసుకుని. ఆ జుర్రు వెనుక తరతరాల రుచిజ్ఞానం, మట్టితో అనుబంధం ఉన్నాయని దాని కింద ధరణి రాయించింది. చదివినవాళ్ళు తామూ చిన్నగా జుర్రి చూస్తారని వినికిడి.

అత్వెల్లిలో మాత్రం ఆ చప్పుడు ఆగిపోయింది. తరతరాల జ్ఞానం ఏమోగానీ, కూలికి తీసుకుపోయే ట్రాలీ ఆటో వాకిట్లో హారన్ కొడుతుంటే, కాలిపోతున్న చాయ్‌ని ఒక్క నిమిషంలో తాగడానికి బాలనర్సమ్మకు వేరే దారి ఉండేది కాదు. ఇప్పుడు ఆటో రాదు. ఇంట్లో పనికి పోయేవాళ్ళూ బడికి పోయేవాళ్ళూ తాగి వెళ్ళాక ఆమెకు చాయ్ వస్తుంది. అప్పటికి అది చల్లారి ఉంటుంది.